తేటక్క నీళ్ళు ఎక్కడికి పోతాయి

ఉన్ని నూలుకు రంగు వేసేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. కానీ రంగునీళ్ళను మళ్ళీ మామూలు నీళ్ళుగా మార్చేది ఆవిడొక్కతే అని చెప్పుకునేవారు. విన్నవాళ్ళు నవ్వి ఊరుకునేవారు. చూసినవాళ్ళు మాత్రం నవ్వేవారు కాదు.

చూడాలంటే పొద్దున్నే వెళ్ళాలి. పెద్ద స్టీలు తొట్టిలో నీళ్ళు ఆవిర్లు కక్కుతూ ఉంటాయి. అందులో దోసిళ్ళతో ఉప్పు, కాస్త వెనిగర్, చెంచాడు ఎర్ర పొడి. తొట్టి నిండా దానిమ్మ రసం పోసినట్టవుతుంది. చుట్టలుగా కట్టిన తెల్లటి నూలు చిలపల్ని కర్రకు తగిలించి ఆవిడ అందులోకి దించుతుంది. పైకీ కిందికీ ఆడిస్తుంది, తిరగేస్తుంది, మళ్ళీ ఆడిస్తుంది. మాటా పలుకూ ఉండదు. కాసేపటికి ఎరుపు కదలడం మొదలవుతుంది. ఎవరో పిలిచినట్టు నీళ్ళలోంచి లేచి నూలులోకి వెళ్ళిపోతూ ఉంటుంది. నూలు చిక్కబడేకొద్దీ నీళ్ళు పలచబడతాయి. చివరికి ఆవిడ గాజు గ్లాసుతో ఆ నీళ్ళు ముంచి కిటికీకి అడ్డం పెట్టి చూస్తుంది. గ్లాసులోంచి కిటికీ ఊచలు స్పష్టంగా కనబడ్డాయా, పని అయినట్టు. ఏ కాస్త గులాబీ ఛాయ మిగిలినా మంట తగ్గించి మళ్ళీ కర్ర పట్టుకుంటుంది.

"తేటపడాలి" అనేది ఆవిడ అత్తగారు. పని నేర్పింది ఆవిడే. "కొన్న రంగు నూలుకి. నీళ్ళకి కాదు. నీళ్ళు ఎలా వచ్చాయో అలాగే పోవాలి." ఆ మాట పట్టుకుని కోడలు ఎంత పట్టుగా చేసిందంటే, అసలు పేరు అందరి నోళ్ళలోంచీ జారిపోయి తేటక్క అన్నదే మిగిలింది. కన్నకూతురు కూడా అప్పుడప్పుడు నోరు జారి అలాగే పిలిచి నాలుక కరుచుకునేది.

రంగు వేసే షెడ్డు తేటక్కది కాదు. ఆసుపత్రిలో పెద్ద నర్సుగా పనిచేసి రిటైరైన ఆవిడ ఇంటి పెరట్లో ఉండేది. అందరికీ ఆవిడ నర్సమ్మ. మోకాళ్ళు మొరాయించినా, కర్ర ఊతంగా పట్టుకుని రోజూ షెడ్డు గుమ్మం దగ్గరికి వచ్చి కుర్చీ వేసుకునేది, రంగు మాయమయ్యే గడియ కోసం.

"ఎన్నిసార్లు చూసినా నమ్మబుద్ధి కాదే అమ్మాయ్" అనేది. "పోయిన రక్తం దానంతటదే మళ్ళీ ఒంట్లోకి వెళ్ళిపోతున్నట్టుంటుంది. ఇదేదో మా ఆసుపత్రిలో జరిగుంటే ఎంత బావుండేది!"

"అక్కడ కూడా ఉప్పునీళ్ళే ఎక్కించేవారు కదమ్మా" అనేది తేటక్క.

"ఎక్కించేవాళ్ళం. వాటికి ఇంత అందం లేదు."

అలా తేటపడిన నీళ్ళను తేటక్క బకెట్లతో తోడి, షెడ్డు మూలనున్న రాతి పలక దగ్గర వంపేది. పలకలో పిడికిలి పట్టేంత రంధ్రం. నీళ్ళు పోయగానే లోపలెక్కడో పెద్ద జంతువు గుటక వేసినట్టు చప్పుడయ్యేది. అంతే. నీళ్ళ సంగతి అక్కడితో సరి.

ఇద్దరి మధ్యా అద్దె ఒప్పందం ఉంది. గడువు తీరినప్పుడల్లా పాత కాగితం చూసి కొత్తది రాయించేవారు. అందులో నీళ్ళ గురించి రెండే మాటలు. షెడ్డు దాకా మంచినీళ్ళ గొట్టం వేయించే పూచీ యజమానిది. వాడిన నీళ్ళను బయటికి పంపే పూచీ అద్దెదారుది. ఆ రెండో మాట దగ్గర తేటక్క ప్రతిసారీ కాస్త గర్వంగానే సంతకం చేసేది. తన నీళ్ళలో ఏముందని?

ఈసారి మున్సిపాలిటీ వాళ్ళు కొత్త నిబంధన పెట్టారు. నీళ్ళు ఎక్కువగా వాడి పనిచేసే ప్రతి చోటా, వాడిన నీటికి ఎవరు జవాబుదారో, ఆ నీరు ఎక్కడికి చేరుతుందో అద్దె ఒప్పందంలో ఉండి తీరాలి. లేకపోతే పనిచేసుకునే అనుమతి ఇవ్వరు. అనుమతి లేకపోతే షెడ్డు ఖాళీ చేయాలి. తేటక్కకి షెడ్డంటే నాలుగు గోడలూ రేకూ కాదు. ఆ పెరటి గొట్టంలో వచ్చే నీళ్ళు మెత్తటివి, వాటిలో పుట్టే రంగులు వేరు. ఊళ్ళో ఇంకో మూల నీళ్ళలో అదే పొడి వేస్తే ఎరుపు ఇటుక రంగుకి తిరిగేది. ఆవిడ ఒకసారి ప్రయత్నించి చూసింది కూడా. ఆ షెడ్డు పోతే చేతిలో పని ఉన్నా పనిలో తను ఉండదు.

ఇద్దరూ దస్తావేజులు రాసే పెద్దాయన దగ్గరికి వెళ్ళారు. జిరాక్సు షాపు పక్కన ఇరుకు గది. ఒక కళ్ళజోడు ముక్కు మీద, ఇంకొకటి నెత్తి మీద. ఆయన పాత కాగితం చదివి పెదవి విరిచాడు.

"వాడిన నీళ్ళు బయటికి పంపే పూచీ అద్దెదారుది. బావుంది. పంపితే ఎక్కడికి చేరతాయి?"

"బయటికేనండీ" అంది తేటక్క.

"బయట అనేది చాలా పెద్దదమ్మా. అందులో ఎక్కడికి?"

నర్సమ్మ విసుక్కుంది. "వీధి కాలవలోకి అని రాసెయ్యండి. ఎవరొచ్చి చూస్తారు?"

"కాలవ మీ వీధి గుమ్మం ముందుంది. షెడ్డు వెనక పెరట్లో, పల్లంలో ఉంది. నీళ్ళు మెట్లెక్కి ముందుకి వెళ్తున్నాయా నర్సమ్మగారూ?" కళ్ళజోళ్ళు మార్చుకున్నాడు. "నేను రాసిన వాక్యం మీద రేపు ఇంకొకడు తగువు తేకూడదు. ఈ వాక్యానికి చివర లేదు. ఎక్కడికి పోతున్నాయో చూసి రండి. అంతవరకూ రాస్తాను."

తిరుగు దారిలో ఇద్దరూ ఎవరిని అడగాలా అని లెక్క వేసుకున్నారు. ఇల్లు కట్టిన మేస్త్రీ ఎప్పుడో కాలం చేశాడు. నర్సమ్మ భర్తకి తెలిసుండొచ్చు, ఆయనా లేడు. తేటక్క షెడ్డులోకి వెళ్ళి రాతి పలక ముందు గొంతుక్కూర్చుంది. ఒక బకెట్టు నీళ్ళు పోసి చెవి ఆనించింది. గుటక. ఆ తర్వాత చాలాసేపు, దూరంగా, ఏదో పాకుతున్నట్టు సన్నని చప్పుడు. పెళ్ళై వచ్చిన నాటి నుంచి పోస్తున్న నీళ్ళు! ఒక చెరువే అయ్యుంటుంది. ప్రతి చెంచాడు రంగూ ఎక్కడికి వెళ్ళిందో చెప్పగలదు, ఏ చిలపకి, ఏ చలికోటుకి, ఏ పసివాడి టోపీకి. ఈ చెరువు ఎక్కడుందో చెప్పలేదు.

రంగు వేసే మనిషికి నీళ్ళను వెతకడానికి ఇంకే దారి తోస్తుంది? మర్నాడు తినే వస్తువుల్లో వేసే నీలం పొడి తెచ్చింది, ఎవరి కడుపులోకి వెళ్ళినా హాని లేనిది. ఒక బకెట్టులో చిక్కగా కలిపింది. కానీ పలక దగ్గరికి వెళ్ళాక చెయ్యి రాలేదు. ఇన్నేళ్ళలో ఆ రంధ్రంలోకి రంగు చుక్క జారనివ్వలేదు మరి.

"పోయవే" అంది నర్సమ్మ వెనక నుంచి.

"అత్తయ్య చూస్తున్నట్టుందమ్మా."

"చూడనీ. ఆవిడకీ తెలియదుగా ఎక్కడికి పోతుందో."

కళ్ళు మూసుకుని పోసింది. దాని వెనకే ఆ రోజు తొట్టెడు నీళ్ళూ పోసింది.

నర్సమ్మ వీధి కాలవ ఒడ్డున కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని, దొంగ కోసం మాటు వేసిన పోలీసులా కూర్చుంది. తేటక్క పల్లానికి నడిచింది. మురుగు మూత కనబడిన చోటల్లా వంగి చూసింది. వెనక సందులో మంగలి షాపు. ఎవరో కుర్చీలో తల వెనక్కి వాల్చి గడ్డం అప్పగించి ఉన్నాడు. ఆ కుర్చీ కింద, ఆ నేల కింద, తన నీలం వెళ్తూ ఉండొచ్చు. ఆ పక్కన అచ్చాఫీసు, యంత్రం దబదబలాడుతోంది. దాని కిందా వెళ్తూ ఉండొచ్చు. బడి గోడ వెనక పిల్లలు ఎక్కాలు అరుస్తున్నారు. వాళ్ళ పాదాల కిందా. రోజూ నడిచే వీధే. కానీ ఆవిడకి నేల పలచటి రేకులా, కింద ఇంకో ఊరున్నట్టు అనిపించి అడుగు మెల్లగా వేసింది. ఇంతమంది జీవితాల కింది నుంచి ఎవరి అనుమతీ అడగకుండా తన నీళ్ళు రోజూ నడిచిపోతున్నాయి.

అప్పుడు ఫోను మోగింది. బావ. అక్క మొగుడు. రెండు సందుల అవతల, బాగా పల్లంలో, కౌలుకు తీసుకున్న స్థలంలో మొక్కల నర్సరీ నడుపుతాడు.

"మరదలా! ఎక్కడున్నా సరే పరిగెత్తుకు రా! నా ఊట నీలంగా మారిపోయింది!"

ఆ ఊట గురించి ఆయన చెప్పని మనిషి లేడు. నర్సరీ మొదలుపెట్టినప్పుడు తొట్టి కోసం గొయ్యి తవ్వితే ఇసుకలోంచి నీళ్ళు ఊరాయి. ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. ఎండాకాలంలో ఊళ్ళో గొట్టాలు బుసలు కొట్టినా ఆ ఊట ఆగలేదు. "వారానికో రోజు మాత్రం సెలవు తీసుకుంటుంది, మహా పద్ధతైన ఊట" అని కొనడానికి వచ్చినవాళ్ళందరినీ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించేవాడు. తేటక్క కూడా చాలాసార్లు విని, బావ గొప్పలు బావవి అని నవ్వుకుంది.

ఇప్పుడు పరుగున వెళ్ళేసరికి గొయ్యి చుట్టూ నలుగురు చేరి ఉన్నారు. నీళ్ళు నిండు నీలం. ఆకాశాన్ని మడత పెట్టి గోతిలో దాచినట్టుంది. బావ కళ్ళు వెలిగిపోతున్నాయి.

"కింద ఏదో గనుందే! రాగో, రత్నాలో! మీ అక్కకి చెప్తే నమ్మలేదు, కూర కోసుకుంటూ కూర్చుంది."

తేటక్క గట్టున కూలబడింది. వారానికో రోజు సెలవు. తను షెడ్డు తెరవని రోజే అది. మంగలి షాపు, అచ్చాఫీసు, బడి, అన్నిటి కిందుగా, ఇసుకలోంచి, రాళ్ళలోంచి, చీకట్లోంచి నడిచి నడిచి తన నీళ్ళు తన మనిషి దగ్గరికే వచ్చాయి. ఎవరు చూపించారు దారి?

"బావా" అంది చివరికి. "ఇది ఊట కాదు. నేను."

"నువ్వేంటి?"

"నా షెడ్డు నీళ్ళు. ఆ నీలం పొద్దున నేనే పోశాను."

బావ ఆవిడ మొహంలోకి చూశాడు, గోతిలోకి చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళలో ఒకాయన కిసుక్కుమన్నాడు. బావ మొహం వాడిపోబోయి, అంతలోనే విచ్చుకుంది. ఆయన తీరే అంత, పడబోతూ కూడా దండం పెట్టినట్టు నటించగలడు.

"అయితే ఇన్నాళ్ళూ నా మొక్కలకి నీళ్ళు పోసింది నువ్వా! ఒక్క మాట చెప్పవేం! మీ అక్కని చేసుకున్నందుకు ఇదొక్కటి లాభం."

దస్తావేజుల ఆయన అడిగిన సంగతి చెబితే ఇంకా ఉత్సాహపడ్డాడు. "రాయించెయ్! చేరే చోటు మా బావ తొట్టి అని. నేను పుచ్చుకుంటున్నానని సంతకం గీకేస్తా. నీకు షెడ్డు, నాకు నీళ్ళు. రేపు పొద్దున్నే పోదాం."

తేటక్క గుండెల మీంచి బరువు దిగిపోయింది. పెద్దగా నవ్వింది కూడా. లేచి చీర దులుపుకుంటుంటే గొయ్యి పక్కనున్న వరస కనబడింది. చిన్న చిన్న కుండీల్లో మొక్కలు, ఆకుల అంచులు అగ్గిపుల్లతో కాల్చినట్టు గోధుమ రంగు. కుండీల అంచున తెల్లటి పొర.

"అవెందుకు అలా ఉన్నాయి బావా?"

"ఆ వరసా? దాని జాతకం అంతే. విత్తనాలు అమ్మినవాడు టోపీ పెట్టాడు. నేనూ వదల్లేదు, వాటికే ఊట నీళ్ళు ఎక్కువ పోస్తున్నా. మిగతావాటికి గొట్టం నీళ్ళు, వీటికి ముద్దుగా ఇవి."

రంగు తొట్టిలో ఉప్పూ పులుపూ సరిపోయాయో లేదో తేటక్క వేలికొసతో నాలుక మీద పెట్టుకుని చూసేది. అత్తగారి నుంచి వచ్చిన అలవాటు. బావ అటు తిరగ్గానే గోతిలో వేలు ముంచి నాలుకకి తాకించింది. వెంటనే ఉమ్మేసింది. ఎవరి వంటో చెప్పాల్సిన పనిలేదు. అది తన చేతి ఉప్పు.

షెడ్డుకి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. తొట్టి అడుగున మిగిలిన కాసిని నీళ్ళు గ్లాసుతో ముంచి కిటికీకి పెట్టింది. ఊచలు స్పష్టంగా కనబడుతున్నాయి. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ స్పష్టత చూసి భయమేసింది. గ్లాసు నీళ్ళను స్టీలు పళ్ళెంలో ఒంపి పొయ్యి మీద పెట్టింది. నీళ్ళు ఉడికాయి, పొగలయ్యాయి, తగ్గాయి, లేకుండా పోయాయి. పళ్ళెం అడుగున తెల్లటి పెచ్చు మిగిలింది, అంచుల దాకా పాకి, వేలితో గీకితే పొడిపొడిగా రాలేంత.

నర్సమ్మ కళ్ళజోడు సవరించుకుని పళ్ళెం మీదికి వంగింది. వేలితో రాసి చూసింది.

"ఇదంతా ఆ గ్లాసులో ఉందా?"

"ఉందమ్మా."

"మనిద్దరం రోజూ అందులోంచి కిటికీ చూశాం కదే!"

మర్నాడు దస్తావేజుల గదికి బావ తలంటుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. పెద్దాయనకి కానుకగా ఒక పూల కుండీ కూడా తెచ్చాడు. పెద్దాయన వాక్యం రాసి వినిపించాడు. అద్దెదారు వాడిన నీరు నర్సరీ తొట్టికి చేరును, నర్సరీవారు ఇష్టపూర్వకంగా పుచ్చుకొందురు. "చివర దొరికింది" అన్నాడు తృప్తిగా. బావ కలం అందుకున్నాడు.

తేటక్క చూస్తూ ఉంది. ఒక్క గీత. ఆ గీత పడితే షెడ్డు తనది. బావకి ఆనందం. నర్సమ్మ నోరు విప్పదు, విప్పమని తను చెబితే తప్ప. మొక్కలు మాట్లాడవు. విత్తనాలు అమ్మినవాడు ఎలాగూ మాట పడ్డాడు.

"ఆగు బావా."

"ఇప్పుడేంటే, ముహూర్తం చూడాలా?"

"ఆ వరస మొక్కలు చస్తున్నది విత్తనాల వల్ల కాదు. నా నీళ్ళ వల్ల."

"నీ నీళ్ళు అద్దంలా ఉంటాయి, నేనే చూపిస్తుంటాను అందరికీ!"

సంచిలోంచి పళ్ళెం తీసి బల్ల మీద పెట్టింది. పెచ్చు అలాగే ఉంది. "అద్దంలో ఇదుంది. నాకు రంగు ఒక్కటే కనబడేది. రంగు పోతే ఏమీ లేదనుకున్నాను."

బావ వేలితో అద్ది నాకి, మొహం చిట్లించాడు. కలం మూత పెట్టాడు. "అంటే నా ఊటా పోయె, నా మొక్కలూ పోయె. ఇన్నాళ్ళూ వాటిని ఉప్పులో ఊరబెట్టావన్నమాట!" లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, పూల కుండీ కూడా తీసుకుని వెళ్ళిపోయాడు.

పెద్దాయన కాగితాన్ని నిలువుగా మడిచాడు. "అనుమతి నెలాఖరు దాకే ఉందమ్మా" అని మాత్రం అన్నాడు.

ఆ రోజు తేటక్క పొయ్యి వెలిగించలేదు. మర్నాడు వెలిగించి, ఒక విడత ఎరుపు వేసి, తేటపడిన నీళ్ళు ఒంపడానికి బకెట్టు పట్టుకుని పలక దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది. ఒంపితే బావ మొక్కలు. ఒంపకపోతే తొట్టి ఖాళీ అవదు. అలా నిలబడే ఉండగా, ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో తెలియని సంగతి తట్టింది. ఈ నీళ్ళలో ఉప్పు ఉంది. పులుపు ఉంది. రంగే లేదు. మరి కొత్త నీళ్ళు పట్టి తను వేసేదేమిటి? మళ్ళీ అదే ఉప్పు, అదే పులుపు.

ప్రతి చిలపకీ కొత్త నీళ్ళు పట్టాలన్నది అత్తగారి మాట. పాత నీళ్ళలో ముంచితే రంగు చచ్చిపోతుందనేది. అయినా తేటక్క ఆ నీళ్ళను తిరిగి తొట్టిలో పోసి, పసుపు పొడి కలిపి, ఒకే ఒక చిలప దించింది. నర్సమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. పసుపు నీళ్ళలో మేఘంలా తిరిగింది. తిరిగి, మెల్లగా, అలవాటైన దారి పట్టినట్టు నూలులోకి నడిచింది. గ్లాసులో ఊచలు కనబడ్డాయి. చిలప రంగు ఎప్పటికన్నా వీసమెత్తు పలచగా ఉందేమో. చావడం మాత్రం చావలేదు.

"ఇవే నీళ్ళా?" అంది నర్సమ్మ.

"ఇవే. ఇందాక ఎరుపు తాగించినవి."

"ఎన్నిసార్లు తాగిస్తావు?"

"అవి మానేదాకా."

అవి మానే రోజు వచ్చింది. లేత రంగులు ముందు, ముదురు రంగులు తర్వాత అని వరస పెట్టుకుని అవే నీళ్ళు తిప్పింది. చివరికి అవి ఎంత బరువెక్కాయంటే రంగు మచ్చలు మచ్చలుగా పట్టడం మొదలైంది. మళ్ళీ అదే ప్రశ్న, ఎక్కడికి? అప్పుడు నర్సమ్మ కర్రతో పైకి చూపించింది.

"మేడ ఉందిగా. మోకాళ్ళు లేనిదానికి మేడెందుకు? నువ్వు పళ్ళెంలో చేసింది అక్కడ ఎండ చేస్తుంది."

వెడల్పాటి లోతులేని రేకు పళ్ళాలు చేయించి మేడ నిండా పరిచారు.

ఇక నూలు జాడించిన నీళ్ళు మిగిలాయి. వాటిలో ఉప్పు లేశమాత్రమే. తేటక్క ఒక క్యాను నింపుకుని నర్సరీకి వెళ్ళింది. బావ అటు తిరిగి కొమ్మలు కత్తిరిస్తూ పలకరించలేదు. గొయ్యి ఎండిపోయి, అడుగున గులకరాళ్ళు వెలవెలబోతున్నాయి. ఆవిడ ఆ కాలిన వరసలో ఒక్క కుండీని గొట్టం నీళ్ళతో బాగా కడిగి, తను తెచ్చినవి పోసి వచ్చేసింది. రోజూ అదే పని. బావ రోజూ అటే తిరిగి ఉండేవాడు.

ఒకనాడు వెళ్ళేసరికి ఆ కుండీ గట్టు మీద విడిగా ఉంది. కాలిన ఆకుల మధ్య నుంచి గోరంత చిగురు. బావ ఇటే తిరిగి ఉన్నాడు.

"రుచి చూశాను నీ క్యాను నీళ్ళు" అన్నాడు. "నువ్వు పోసి వెళ్ళాక, రోజూ."

"ఎలా ఉన్నాయి?"

"మీ అక్క చారు కంటే చప్పగా ఉన్నాయి. నయమే." గొయ్యి వైపు చూశాడు. "అందరికీ ఊటని చెప్పానే."

"ఇప్పుడూ చెప్పు. పుట్టిన చోటు తెలిసిన ఊటని చెప్పు."

"నవ్వుతారు."

"నవ్వనీ బావా. నవ్వేవాళ్ళని నా దగ్గరికి పంపు, మొదలు నేను చూపిస్తా. చివర నువ్వు చూపించు."

నెలాఖరు దగ్గరపడింది. దస్తావేజుల పెద్దాయన ఈసారి గదిలో కూర్చుని రాయనన్నాడు. "నీళ్ళు ఎండలో పోతాయని మీరంటున్నారు. నేను చూడకుండా రాయను" అని కాగితాలు చంకలో పెట్టుకుని వచ్చాడు. ఆయన వెనక బావ. నర్సమ్మ కూడా పైకి వస్తానని పట్టుబట్టింది. ఒక పక్క తేటక్క, ఒక పక్క బావ పట్టుకుంటే మెట్టుకో ఆయాసం తీర్చుకుంటూ ఎక్కింది.

పైన నలుగురూ పళ్ళాల చుట్టూ చేరారు.

పళ్ళాలన్నీ తెల్లగా ఉన్నాయి. కొన్నిటిలో ఇంకా తడి మిగిలి, దాని మీద సన్నటి పలకలు తేలుతూ ఉన్నాయి. కొన్నిటిలో పూర్తిగా ఎండి, చిన్న చిన్న గడుల్లా, పువ్వుల్లా అల్లుకుని ఉంది. ఎండ వాటి మీద పడి కళ్ళు చెదిరేలా మెరుస్తోంది. ఎరుపులు, పసుపులు, ముదురాకుపచ్చలు, నల్లటి నీలాలు, ఎన్ని రంగులు తాగించినా ఆ తెల్లదనం మీద ఒక్క మరక లేదు. పెద్దాయన ఒక కళ్ళజోడు తీసి రెండోది పెట్టుకున్నాడు, మళ్ళీ మొదటిది పెట్టుకున్నాడు. బావ ఒక పళ్ళెం దగ్గర చతికిలబడి, గుప్పిట్లోకి కాస్త తీసుకుని వేళ్ళ సందుల్లోంచి జారవిడిచాడు.

"ఇదంతా నా కుండీల్లోకి వచ్చేదా?" అన్నాడు, తిట్టినట్టు కాదు, గుసగుసగా.

"వచ్చేది" అంది తేటక్క.

"నీళ్ళేవీ మరి?" అన్నాడు పెద్దాయన.

నర్సమ్మ నవ్వి, కర్ర ఎత్తి ఆకాశం చూపించింది.

ఆయన పిట్టగోడ మీద అట్ట వేసుకుని, గాలికి కాగితం ఎగరకుండా మోచెయ్యి ఆనించి రాయడం మొదలుపెట్టాడు. ఆ వాక్యం ఎంతకీ తెగలేదు. తొట్టి నీరు అద్దెదారు దగ్గరే ఉండి మళ్ళీ మళ్ళీ వాడబడును. ఇక వాడరానిది యజమాని మేడపై ఎండబెట్టబడును, మేడ ఇచ్చు పూచీ యజమానిది, ఎండిన ఉప్పు ఎత్తు పూచీ అద్దెదారుది. జాడించిన నీరు భూమిలోని పాత దారిన నర్సరీ తొట్టికి చేరును. నర్సరీవారికి ఏ రోజైనా దాన్ని వద్దను హక్కు కలదు.

"రుచి చూసే హక్కు కూడా రాయండి" అన్నాడు బావ.

"రుచి అని చట్టంలో లేదు."

"నా నాలుకకి ఉంది."

రాశాడు. అంతా అయ్యాక గొంతు సవరించుకుని మొదటి నుంచి చదివాడు. చదువుతుంటే ఆయన గొంతే కాస్త మారింది. ఇన్ని ఇళ్ళకి ఇన్ని ఒప్పందాలు రాశాడు గానీ, ఒక తొట్టెడు నీళ్ళకి ఇంతమంది చుట్టాలుంటారని ఆయన ఎప్పుడూ అనుకుని ఉండడు.

నర్సమ్మ సంతకం పెట్టింది. బావ పెట్టాడు. తేటక్క చేతులు ఉప్పుతో ఉన్నాయని చీర చెంగుకి తుడుచుకుని, పెట్టింది. ఆ తర్వాత బకెట్టు తెచ్చుకుని, ఎండిన పళ్ళాన్ని మెల్లగా గీకి, ఆ తెల్లటిదంతా అందులోకి ఎత్తుకుంది. కింద పొయ్యి మీద కొత్త నీళ్ళు కాగుతున్నాయి, వాటికి ఉప్పు కావాలి.